కార్డు అడిగిన రాత్రి

1961 అక్టోబరు 22, ఆదివారం. చీకటి పడుతోంది. పశ్చిమ బెర్లిన్‌లో పనిచేస్తున్న సీనియర్ అమెరికన్ దౌత్యవేత్త అలన్ లైట్నర్, భార్య డొరోతీతో కలిసి కారులో ఫ్రీడ్రిష్‌స్ట్రాసె వీధి మీదుగా తూర్పు బెర్లిన్ బయల్దేరారు. అవతల ఒక నాటకశాలలో ప్రదర్శన ఉంది. నగరం మధ్య గోడ లేచి అప్పటికి పది వారాలే అయింది. బెర్లిన్ వాసులకు ఆ దారి మూసుకుపోయింది. లైట్నర్‌ లాంటి వాళ్లకు ఇంకా తెరిచే ఉంది. ఆయన కారుకు ఆక్రమణ సేనల నంబరు ప్లేటు ఉంది. ఆ ప్లేటు చూస్తే చాలు, అవతలి కాపలావాళ్లు పక్కకు తప్పుకుంటారు. పదహారేళ్లుగా అదే ఆనవాయితీ.

ఆ సాయంత్రం తప్పుకోలేదు.

తూర్పు జర్మనీ పోలీసు కారు ఆపి గుర్తింపు కార్డు అడిగాడు. లైట్నర్ ఇవ్వనన్నారు. తనను ఆపే అధికారం సోవియట్ అధికారికే తప్ప తూర్పు జర్మన్లకు లేదనీ, సోవియట్ అధికారిని పిలిపించమనీ పట్టుబట్టారు. కారు అక్కడే ఆగిపోయింది. నిమిషాలు గడుస్తున్నాయి, సోవియట్ అధికారి జాడ లేదు. లైట్నర్ కారును ముందుకు దూకించారు. అడ్డంగా పెట్టిన కాంక్రీటు దిమ్మెల మధ్య మెలికలు తిరుగుతూ కొంత దూరం వెళ్లగానే మళ్లీ అడ్డుకున్నారు.

ఈలోగా కబురు పైదాకా వెళ్లింది. డొరోతీని కారు దింపి వెనక్కి తీసుకొచ్చారు. తుపాకులకు బాయ్నెట్లు బిగించుకున్న అమెరికన్ మిలటరీ పోలీసులు కారుకు రెండు పక్కలా నడిచారు. తూర్పు జర్మన్లు పక్కకు జరిగారు. కారు మెల్లగా తూర్పు బెర్లిన్‌లోకి వెళ్లి, కొంత దూరం తిరిగి వెనక్కి వచ్చింది. హక్కు ఉందని రుజువు చేయడానికి మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. నాటకం ఎవరూ చూడలేదు.

జేబులోంచి కార్డు తీసి చూపించడానికి అర నిమిషం పట్టదు. ఇంత రభస దేనికని అనిపించవచ్చు. మన ఊళ్లలో పొలం దారి తగాదాలు చూసినవారికి మాత్రం విషయం వెంటనే బోధపడుతుంది. తాతల నాటి నుంచీ నడిచే బాట ఒకటి పక్కవాడి చేలోంచి పోతుంది. ఒకరోజు వాడు ఎదురొచ్చి, అడిగి వెళ్లు అంటాడు. ఒక్కసారి అడిగారా, ఆ దారి ఇక మీది కాదు, వాడి దయ. లైట్నర్ కార్డు చూపించి ఉంటే తూర్పు బెర్లిన్ తూర్పు జర్మనీ సొంతమని అమెరికా ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక పాత ఒప్పందం ఆ కార్డుతో చెల్లిపోతుంది.

ఆ ఒప్పందం యుద్ధం నాటిది. హిట్లర్ ఓడాక గెలిచిన నాలుగు దేశాలూ జర్మనీని నాలుగు మండలాలుగా పంచుకున్నాయి. రాజధాని బెర్లిన్ సోవియట్ మండలం లోపల, పశ్చిమ సరిహద్దుకు నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంది. అయినా దాన్ని కూడా నాలుగు వాటాలు వేశారు. ఏ వాటాలో ఉన్న సైనికుడైనా నగరమంతా తిరగవచ్చన్నది షరతు. యుద్ధంలో ఒకే పక్షాన నిలిచినవాళ్లు రాసుకున్న కాగితం అది. వాళ్లే ఒకరికొకరు శత్రువులైతే ఆ నగరం ఏమవుతుందన్న ఆలోచన అందులో లేదు.

మూడేళ్లలోనే శత్రువులయ్యారు. 1948 జూన్ 24న స్టాలిన్ పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేయించాడు. ఇరవై లక్షల మందికి తిండి, బొగ్గు ఆగిపోయాయి. అప్పుడు జర్మనీలో అమెరికా సైనిక పాలకుడుగా ఉన్న జనరల్ లూసియస్ క్లే విమానాలను నమ్ముకున్నాడు. అమెరికా, బ్రిటన్ విమానాలు 2,77,000 సార్లకు పైగా ఎగిరి, దాదాపు 23 లక్షల టన్నుల సరుకు దించాయి. అందులో ఎక్కువ భాగం బొగ్గే. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు. బెర్లిన్ జనం క్లేని గుండెల్లో పెట్టుకున్నారు. ఆ పేరు ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

తర్వాతి పన్నెండేళ్లలో తూర్పు జర్మనీకి పెద్ద గండి పడింది. పశ్చిమ జర్మనీ సరిహద్దు పొడవునా కంచె వేసినా బెర్లిన్‌లో మాత్రం వీధి దాటితే పశ్చిమం. డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు, చేతిలో పని ఉన్న కుర్రాళ్లు ఒక సూట్‌కేసుతో మెట్రో రైలెక్కి అవతల దిగిపోయేవారు. 1949 నుంచి 1961 దాకా సుమారు 27 లక్షల మంది అలా వెళ్లిపోయారు. 1961 జూలై ఒక్క నెలలోనే 30 వేల మంది దాటారు. ఇలాగే సాగితే పాలించడానికి మనుషులే మిగలరని తూర్పు జర్మనీ అధినేత వాల్టర్ ఉల్‌బ్రిష్ట్ మాస్కోను వేధించాడు. సోవియట్ అధినేత క్రుశ్చేవ్ 1958 నవంబరులోనే పశ్చిమ దేశాలకు ఆరు నెలల గడువిచ్చి, బెర్లిన్ నుంచి సేనల్ని తీసుకుని పొమ్మన్నారు. గడువు గడిచింది, ఏమీ కాలేదు. 1961 జూన్‌లో వియన్నాలో అమెరికా కొత్త అధ్యక్షుడు కెనెడీ ఎదురుపడ్డప్పుడు మళ్లీ అదే బెదిరింపు. కెనెడీ ఆ సమావేశం నుంచి బాగా నలిగి బయటికొచ్చారు.

ఆగస్టు 13 తెల్లవారేసరికి నగరం మధ్యన ముళ్ల తీగ. కొద్ది రోజుల్లోనే దాని వెనక ఇటుకలు లేచాయి. కెనెడీ పైకి ఖండించారు, లోలోపల ఊపిరి పీల్చుకున్నారు. యుద్ధం కన్నా గోడే నయమని దగ్గరివాళ్లతో అన్నారు. గోడ తూర్పు వాళ్ల నేల మీద, తూర్పు వాళ్లను ఆపడానికి కట్టింది. అమెరికా హక్కులకు అది అడ్డం రాలేదు. ఈ మాట దగ్గర కాసేపు ఆగమని పాఠకులను కోరుతున్నాను. ఆగస్టు 22న బెర్నావర్ వీధిలో ఇడా సీక్‌మన్ అనే ఆవిడ తన ఇంటి కిటికీలోంచి పశ్చిమం వైపు దూకి చనిపోయింది. 24న గుంటర్ లిట్‌ఫిన్ అనే కుర్రాణ్ణి నీళ్లలో ఈదుతుండగా కాల్చి చంపారు. వాళ్ల కోసం ట్యాంకు ఒక్కటి కూడా కదల్లేదు. అక్టోబరులో ఒక దౌత్యవేత్తను కార్డు అడిగితే కదిలాయి.

కదిలించింది క్లే. గోడ లేచాక బెర్లిన్ వాసులు పూర్తిగా కుంగిపోయారు. మమ్మల్ని వదిలేశారా అని మేయర్ విల్లీ బ్రాంట్ కెనెడీకి నేరుగా ఉత్తరం రాశాడు. వాళ్లకు ధైర్యం చెప్పడానికి కెనెడీ రిటైరైన క్లేని తన సొంత ప్రతినిధిగా సెప్టెంబరులో బెర్లిన్ పంపారు. క్లే ఆలోచన ముక్కుసూటిగా ఉండేది. సోవియట్లు కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతారు. మొదటి ముక్క దగ్గరే ఆపకపోతే చివరికి మిగిలేదేమీ ఉండదు. తూర్పు జర్మన్ల వెనక ఉన్నది సోవియట్లేనని లోకం ముందు బయటపెట్టాలన్నది ఆయన లెక్క.

అందుకు ఆయన వాషింగ్టన్‌కు చెప్పకుండా ఇంకో పని కూడా చేయించారు. పశ్చిమ బెర్లిన్‌లోని ఒక అడవిలో గోడకు నకలు కట్టించి, ముందు బుల్‌డోజర్ బ్లేడ్లు తగిలించిన ట్యాంకులతో దాన్ని పడగొట్టే సాధన చేయించారు. పై అధికారి జనరల్ బ్రూస్ క్లార్క్‌కు తెలియగానే దాన్ని ఆపించారు. కానీ అప్పటికే సోవియట్ గూఢచారులు ఫొటోలు తీసుకెళ్లారు. వైట్‌హౌస్‌కు తెలియని సంగతి క్రెమ్లిన్‌కు తెలిసింది. గోడ పడగొట్టే ఉద్దేశం కెనెడీకి కలలో కూడా లేదు. పడగొట్టడానికే సిద్ధమవుతున్నారని క్రుశ్చేవ్ నమ్మారు. ఆ వారమంతా రెండు వైపులా తీసుకున్న నిర్ణయాల కింద ఈ అపార్థం ఉంది.

లైట్నర్ ఉదంతం మర్నాడే తూర్పు జర్మనీ ఒక ఉత్తర్వు ప్రకటించింది. యూనిఫాంలో ఉన్న మిత్రరాజ్యాల సైనికులు తప్ప దాటే విదేశీయులందరూ కార్డు చూపాల్సిందే. బ్రిటిష్ వాళ్లు అప్పటికే చూపిస్తున్నారు. వాళ్లకు ఈ గొడవ చిరాకు తెప్పించింది. కెనెడీకీ చిరాకే. లైట్నర్‌ను బెర్లిన్ పంపింది నాటకాలు చూడటానికా అని విసుక్కున్నారు. క్లే వెనక్కి తగ్గలేదు. 25న మామూలు దుస్తుల్లో ఉన్న అమెరికన్లను పంపారు. ఆపారు. జీపుల్లో సాయుధ పోలీసులు వెంట నడిచి దాటించారు. ఈసారి వాళ్ల వెనక పది ఎం-48 ట్యాంకులు ఫ్రీడ్రిష్‌స్ట్రాసె చెక్‌పాయింట్ దాకా వచ్చి నిలబడ్డాయి. కొన్నింటికి ముందు బుల్‌డోజర్ బ్లేడ్లున్నాయి. అడవిలో సాధన చేసినవి అవే కాబోలని మాస్కోలో ఎవరైనా అనుకుంటే వాళ్ల తప్పు లేదు.

26న ముప్ఫై మూడు సోవియట్ ట్యాంకులు తూర్పు బెర్లిన్ నడిబొడ్డుకు చేరి, బ్రాండెన్‌బర్గ్ ద్వారానికి దగ్గర్లో మాటు వేశాయి. వాటి మీది గుర్తులు కనపడకుండా చేశారు. సిబ్బంది ఒంటి మీద హోదా చెప్పే పట్టీలు లేవు. ఇవి ఎవరివో తేల్చడానికి ఒక యువ అమెరికన్ మిలటరీ పోలీసు అధికారి డ్రైవరును వెంటబెట్టుకుని తూర్పు వైపు వెళ్లాడు. మనుషులు లేని ఒక ట్యాంకులోకి దూరి, అందులో దొరికిన రష్యన్ పత్రికను పట్టుకొచ్చాడు. పట్టుబడితే ఏమయ్యేదో ఊహించుకోండి.

27, శుక్రవారం. సాయంత్రం ఐదు గంటలు కావస్తోంది. అమెరికన్లు మరోసారి తమవాళ్లను దాటించి, ట్యాంకుల్ని వెనక్కి మళ్లించారు. అంతలో తూర్పు వైపు నుంచి నేల అదిరే చప్పుడు. పది సోవియట్ ట్యాంకులు బారులుగా ఫ్రీడ్రిష్‌స్ట్రాసెలోకి వచ్చి, వీధికి అడ్డంగా గీసిన తెల్లగీత దిక్కుగా గొట్టాలు తిప్పి ఆగాయి. అమెరికన్ ట్యాంకులు అక్కడికక్కడే మళ్లీ వెనుదిరిగి వచ్చాయి. రెండు వరుసలకూ మధ్య వంద గజాలు కూడా లేవు. రెండింటిలోనూ అసలు గుండ్లే ఎక్కించి ఉన్నాయి. యుద్ధం ముగిశాక పదహారేళ్లలో అమెరికా, సోవియట్ ట్యాంకులు ఇలా ఎదురెదురుగా గురిపెట్టుకు నిలబడటం అదే మొదలు.

ఎవరు ఏ ఆజ్ఞతో నిలబడ్డారో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అవతలివాళ్లు కాలిస్తే తిరిగి కాల్చండి. ఇద్దరికీ ఇదే. ఒక కుర్రాడి వేలు జారినా, చీకట్లో ఇంజిను ఒక్కసారి పెద్దగా పేలినట్టు చప్పుడు చేసినా, ఆ తర్వాత నిర్ణయించేది వాళ్లు కాదు. పశ్చిమ బెర్లిన్‌లో మిత్రసేనలు వేలల్లో. చుట్టూ తూర్పు జర్మనీలో సోవియట్ సేనలు లక్షల్లో. ట్యాంకులతో మొదలైతే అమెరికా ఆ నగరాన్ని ట్యాంకులతో నిలుపుకోలేదు. అణుబాంబుల దాకా వెళ్లక తప్పదు. ఈ సంగతి రెండు రాజధానుల్లోనూ అందరికీ తెలుసు.

గీతకు ఇవతల మాత్రం జాతరలా జనం. తాళ్లు కట్టి ఆపిన చోట పశ్చిమ బెర్లిన్ వాసులు గుంపులుగా నిలబడ్డారు. ప్రెట్జెళ్లు అమ్మేవాళ్లు వచ్చారు. సైనికులు ట్యాంకుల పక్కనే నిలబడి సత్తు గిన్నెల్లో తింటున్నారు. అమెరికన్ రేడియో, టీవీ విలేకరి డేనియల్ షోర్ మైకు పట్టుకుని చూసింది చూసినట్టు చెబుతున్నాడు. రాత్రయింది. అవతలి నుంచి సర్చ్‌లైట్లు ఇటు పడ్డాయి. అక్టోబరు చివరి చలి. పదహారేళ్ల కిందట ఇదే వీధుల్లో రష్యన్ ట్యాంకులు దూసుకొచ్చిన రోజుల్ని చూసిన ఆడవాళ్లు ఆ గుంపులో ఉండే ఉంటారు. తాము ఏమైనా చేయగలమని ఒక్కరికైనా అనిపించి ఉంటుందా?

కెనెడీ క్లేకి ఫోన్ చేశారు. మీరు గుండె నిబ్బరం కోల్పోలేదుగా అన్నట్టుగా మాట్లాడారు. మా నిబ్బరం గురించి మాకు బెంగ లేదు, వాషింగ్టన్‌లో ఉన్నవాళ్ల గురించే బెంగ అన్న అర్థంలో క్లే జవాబిచ్చారు. చరిత్ర పుస్తకాలు ఈ సంభాషణను మురిపెంగా చెప్పుకుంటాయి. నాకు మురిపెం కలగదు. ఆ గదుల్లో నిబ్బరం ఎవరిది గట్టిదన్నది మాట్లాడుకుంటుంటే, వీధిలో ఆ నిబ్బరానికి జమానతుగా నిలబడ్డది వేరేవాళ్లు.

అయితే కెనెడీ ఇంకొక పని చేశారు. దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. తమ్ముడు రాబర్ట్ కెనెడీ ద్వారా జార్జి బోల్షకోవ్‌కు కబురు పంపారు. బోల్షకోవ్ వాషింగ్టన్‌లో పైకి పత్రికా విలేకరి. అసలు సోవియట్ సైనిక గూఢచారి. విదేశాంగ శాఖలకు తెలియకుండా రెండు దేశాధినేతల మధ్య మాటలు మోసిన మనిషి. మీ ట్యాంకులు ముందు వెనక్కి తీయండి, మావీ తీస్తాం అన్నది కబురు సారాంశం.

అప్పుడు మాస్కోలో కమ్యూనిస్టు పార్టీ ఇరవై రెండో మహాసభ జరుగుతోంది. వేల మంది ప్రతినిధుల మధ్య ఉన్న క్రుశ్చేవ్‌కు మార్షల్ ఇవాన్ కోనెవ్ ఎప్పటికప్పుడు బెర్లిన్ సంగతులు చెబుతున్నాడు. 1945లో బెర్లిన్ మీదికి సేనలు నడిపిన సేనాధిపతుల్లో కోనెవ్ ఒకరు. ఆగస్టులో ఆయనను ఏరికోరి మళ్లీ జర్మనీ పంపారు. క్రుశ్చేవ్ తర్వాత తన జ్ఞాపకాల్లో మర్నాటి ఉదయం గురించి చెప్పుకున్నారు. మన ట్యాంకుల్ని తిప్పి పక్క వీధుల్లోకి తీయమని కోనెవ్‌కు చెప్పారట. మన ఫిరంగులు గురిపెట్టి ఉన్నంతసేపూ అమెరికన్లు వెనుదిరగలేరు, వాళ్లు దారి వెతుక్కుంటున్నారు, ఆ దారి మనమే ఇద్దాం, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతారు అని ఆయన అంచనా.

శనివారం ఉదయం పదిన్నర ప్రాంతంలో ఒక సోవియట్ ట్యాంకు కొద్ది అడుగులు వెనక్కి జరిగింది. కాసేపటికి ఒక అమెరికన్ ట్యాంకు అంతే దూరం జరిగింది. మళ్లీ అటు ఒకటి. మళ్లీ ఇటు ఒకటి. పదకొండు అయ్యేసరికి వీధి ఖాళీ. రాత్రంతా లోకం ఊపిరి బిగబట్టిన తగాదాలో ఒక్క గుండు పేలలేదు.

క్లే తానే గెలిచానన్నారు. తూర్పు జర్మన్లను ముందుపెట్టి దాక్కున్న సోవియట్లను బయటికి రప్పించానని ఆయన వాదన. అందులో నిజం ఉంది. క్రుశ్చేవ్ తానే గెలిచాననుకున్నారు. గోడ చెక్కుచెదరలేదు, అందులో ఇంకా ఎక్కువ నిజం ఉంది. ఆ సోమవారం, అక్టోబరు 30న, ఆర్కిటిక్ సముద్రంలోని నోవయా జెమ్‌ల్యా దీవి మీద సోవియట్లు యాభై మెగాటన్నుల బాంబు పేల్చారు. హిరోషిమా బాంబుకు మూడు వేల రెట్ల పైమాట. మనిషి పేల్చిన బాంబుల్లో అంత పెద్దది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ట్యాంకుల రాత్రి ఏ సరుకు పక్కన నడిచిందో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మన దేశం ఆ రోజుల్లో చేతులు కట్టుకుని కూర్చోలేదు. సెప్టెంబరు మొదట్లో బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సభ జరిగింది. సభ మొదలైన నాడే సోవియట్లు అణు పరీక్షలు మళ్లీ మొదలుపెట్టారు. సభ ముగిశాక నెహ్రూ, ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రుమా మాస్కోకు, ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో, మాలీ అధ్యక్షుడు మొదిబో కీటా వాషింగ్టన్‌కు అదే విజ్ఞప్తి మోసుకెళ్లారు: కూర్చుని మాట్లాడుకోండి. పెద్ద దేశాలు ఆ మాటను మర్యాదగా వినిపించుకుని పక్కన పెట్టాయి. చివరికి ట్యాంకుల్ని వెనక్కి తీసింది కూడా మాటే. కాకపోతే అది దొంగచాటు మాట అయింది.

ఆ రాత్రి గురించి రాసినవాళ్లు చాలామంది ఇద్దరు నాయకుల వివేకాన్ని మెచ్చుకుని ఆగుతారు. వివేకం ఉంది, కాదనను. కానీ తగాదా దేని గురించో మర్చిపోకూడదు. ట్యాంకులు నిలబడ్డది గోడ కోసం కాదు. అవతల చిక్కుకున్న కోటీ డెబ్భై లక్షల మంది కోసం కాదు. విజేతల హక్కు కోసం, ఎవరు ఎవరికి కార్డు చూపాలన్న దాని కోసం. అగ్రరాజ్యాల మధ్య ఏళ్ల తరబడి రగిలే తగాదాలను దగ్గరగా చూస్తే చాలా వాటిలో ఇదే కనిపిస్తుంది. తమ మాట పోతుందంటే ప్రాణాలకు తెగిస్తారు. కింద ఉన్నవాళ్ల ప్రాణాలు పోతుంటే ఒప్పందాల్లో ఆ పేజీ లేదంటారు.

పది నెలలు తిరక్కముందే అదే చెక్‌పాయింట్ పక్కన అది రుజువైంది. 1962 ఆగస్టు 17, మధ్యాహ్నం. పద్దెనిమిదేళ్ల తాపీ పనివాడు పీటర్ ఫెష్టర్, తోటి పనివాడితో కలిసి సిమ్మర్‌స్ట్రాసె దగ్గర గోడ ఎక్కబోయాడు. స్నేహితుడు దాటేశాడు. ఫెష్టర్‌కు నడుం దగ్గర గుండు తగిలి గోడకు తూర్పు వైపే పడిపోయాడు. కేకలు వేశాడు. పశ్చిమ పోలీసులు గోడ మీంచి కట్టు గుడ్డలు విసిరారు. అమెరికన్ సైనికులు నాలుగడుగుల దూరంలో ఉన్నారు, గీత దాటలేదు. అక్టోబరులో బాయ్నెట్లతో దాటిన గీత అదే. తూర్పు కాపలావాళ్లూ దగ్గరికి రాలేదు. దాదాపు గంటసేపు నెత్తురు కారి కుర్రాడు చనిపోయాక వచ్చి మోసుకుపోయారు.

పశ్చిమ బెర్లిన్ ఆ తర్వాత రోజుల్లో రగిలిపోయింది. సోవియట్ స్మారకానికి కాపలా సైనికుల్ని తీసుకెళ్లే బస్సు మీద రాళ్లు పడ్డాయి. చూస్తూ నిలబడ్డ అమెరికన్ల మీదా జనం కోపం మళ్లింది. క్లే అప్పటికి మే నెలలోనే పదవి వదిలి వెళ్లిపోయారు. గోడ ఇంకో ఇరవై ఏడేళ్లు నిలిచింది. దాని దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. ఫెష్టర్‌ మీద కాల్పులు జరిపిన కాపలాదార్లు ఇద్దరిని 1997లో, జర్మనీ ఒక్కటయ్యాక, బెర్లిన్ కోర్టు దోషులుగా తేల్చింది. రెండేళ్ల లోపు శిక్ష వేసి, దాన్నీ నిలుపుదల చేసింది. ఇద్దరూ జైలుకు వెళ్లలేదు.